మా జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారూ, నమస్కారం.

మా ఊరి వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. పోయిన నెల ట్యాంకు నీళ్లలో ఏదో కలిసిందని ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎవరు మాట్లాడారో తెలియదు. పది నిమిషాల్లో ఊరంతా టెన్షన్, బిందెలు ఖాళీ. అది అబద్ధమని మీ ఆఫీసు చెప్పింది, కానీ మర్నాడు సాయంత్రం, పీడీఎఫ్ ప్రెస్‌నోట్‌లో! అది చదివేదెవరు?

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల పుకార్లు లేచినప్పుడు జోగులాంబ గద్వాల పోలీసులు ఊళ్లకే వెళ్లి, పాటలతో, డప్పుతో జనానికి చెప్పారు. అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకసారికి ఐదు చాట్‌లకు కుదించింది. అయినా ఐదూ ఐదూ కలిస్తే ఊరే.

పుట్టించినవాడు ఒక్కడే. మోసినవాళ్లం మేమంతా. నేనూ ఆ వాయిస్‌ని మా అక్కకి పంపాను, దాచను. మా మండల విలేకరికి జీతం లేదు, యాడ్‌లు తెస్తే కమీషన్. ఫోన్ చేసి నిజం కనుక్కునే తీరిక ఆయనకెక్కడిది?

కాబట్టి ఒక్కటే అడుగుతున్నాను. ఇలాంటి పుకారు లేచిన గంటలోపు మా పంచాయతీ కార్యదర్శి గొంతుతో, మా యాసలో, అర నిమిషం వాయిస్ పంపించండి. మిగతాది మేం మోస్తాం.

ఇట్లు,
ఒక గ్రూప్ అడ్మిన్