నెల్లూరు బస్టాండులో మా నాయన కాళ్ళు పైకెత్తి పట్టుకున్న అమ్మాయికి

పోయిన శనివారం పొద్దున పదకొండు గంటలప్పుడు నెల్లూరు బస్టాండులో బుచ్చిరెడ్డిపాళెం బస్సు కోసం నిలబడి ఉన్న మా నాయన ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోయాడు. వయసు 71. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చూస్తారేమోనని రాస్తున్నా. ఎవరి పేరూ అడగలేదు, అడిగే స్థితిలో నేను లేను.

పడగానే జనం మూగారు. ఇద్దరు చంకల కింద చేతులేసి లేపి బెంచీ మీద కూర్చోబెట్టబోయారు, నేను కూడా ఒక రెక్క పట్టుకుని లాగుతున్నా. అప్పుడు ఒక అమ్మాయి, నర్సింగ్ చదువుతున్నట్టుంది, "లేపొద్దండీ, పడుకోబెట్టండి, కాళ్ళు ఎత్తండి" అని గట్టిగా అరిచింది. తన బ్యాగు నాయన కాళ్ళ కింద పెట్టి, ఆ ఎత్తు చాలక కింద చతికిలబడి రెండు మడమలూ తన ఒళ్ళో పెట్టుకుంది. నిమిషం కూడా కాలేదు, నాయన కళ్ళు తెరిచి "బస్సు పోయిందా?" అన్నాడు.

ఆ అమ్మాయికి, గాలి ఆడనివ్వండని జనాన్ని తరిమిన కండక్టరుకి, ఆసుపత్రి దాకా తీసుకెళ్ళి మేము బయటికొచ్చేదాకా కాచుకుని ఉండి కూడా మామూలు కిరాయే తీసుకున్న ఆటో అన్నకి, నా దండాలు.

నేనైతే గుండెపోటనే అనుకున్నా. ఈసీజీ బాగానే ఉంది. డ్యూటీ డాక్టరమ్మ నాయనను పడుకోబెట్టి బీపీ చూసింది, తర్వాత నిలబెట్టి చూసింది. పడుకున్నప్పుడు పై అంకె 138, నిలబడ్డాక 106. "20 తగ్గితేనే మేము పట్టించుకుంటాం, ఈయనకి 32 తగ్గింది" అంది. ఆమెకి కూడా ఇక్కడే థాంక్స్ చెప్పాలి, ఎందుకంటే బయట అంతమంది ఉన్నా ఓపిగ్గా కూర్చుని చెప్పింది.

నాకు ఇన్నాళ్ళూ తెలియని సంగతేంటంటే ఒంట్లో ఉండే అయిదు లీటర్ల చిల్లర రక్తంలో దాదాపు మూడింట రెండు వంతులు ఎప్పుడూ సిరల్లోనే ఉంటుందట, ధమనుల్లో కాదు. (మనం చేతి మీద చూపించి నరాలు అనేది సిరల్నే.) ధమనుల గోడలు మందం, సిరలవి పలచన, సాగుతాయి. అందుకని మనం లేచి నిలబడగానే అర లీటరు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి జారిపోతుంది. అందరికీ జరిగేదే. మెడలోని ధమనుల్లో, గుండె మీది పెద్ద ధమనిలో ఒత్తిడి తగ్గితే పసిగట్టే చోట్లు ఉన్నాయి, అవి మెదడుకి కబురు పెడితే సన్న ధమనులు బిగుసుకుంటాయి, సిరలు ముడుచుకుంటాయి, గుండె వేగం పెంచుతుంది. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది కాబట్టి మనకి తెలియదు. దానికి తోడు నడుస్తుంటే పిక్కలు సిరల్ని పిండి రక్తాన్ని పైకి తోస్తాయి, లోపలున్న కవాటాలు మళ్ళీ కిందికి జారనివ్వవు. కదలకుండా బస్సు కోసం నిలబడితే పిక్కలకి పనెక్కడిది?

కనిగిరి రిజర్వాయర్ కింద నలభై ఏళ్ళు వరి పండించిన మనిషి కదా, నాయన అంతా విని "అంటే మడవలన్నీ ఒకేసారి తెరిచిపెట్టినట్టా అమ్మా?" అన్నాడు. డాక్టరమ్మ నవ్వి "అంతే పెద్దాయనా, పల్లం మళ్ళు నిండిపోయినాయి, మిట్ట మడికి నీళ్ళు ఎక్కలా" అంది. మిట్ట మడి అంటే తల. పడుకోబెడితే తలా, గుండే, కాళ్ళూ ఒకే మట్టానికి వస్తాయి. మేము లేపి కూర్చోబెట్టి ఉంటే మళ్ళీ స్పృహ తప్పేవాడేమో.

ఆ మడవలు తెరిచింది ప్రోస్టేట్ మాత్ర. పది రోజుల కిందటే వేరేచోట రాసిచ్చారు. అది మూత్రం దారిలో బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, మంచి మాత్రే, కానీ రక్తనాళాల గోడల్లోని కండరాన్ని కూడా వదులు చేస్తుందనీ, లేచేటప్పుడు జాగ్రత్త అనీ ఒక్క మాట చెప్పలేదు. నాయన దాన్ని బీపీ బిళ్ళతో కలిపి పొద్దున్నే మింగుతున్నాడు. ఆ ఎండకి చర్మంలో రక్తనాళాలు వెడల్పయి ఉంటాయి, తిన్న ఇడ్లీల కోసం కొంత రక్తం పేగుల వైపు మళ్ళి ఉంటుంది, ఇక నీళ్ళంటారా, దారిలో ఒంటేలుకి ఆగాల్సి వస్తుందని పొద్దుటి నుంచి గుక్కెడు తాగలేదు. ఇది మాత్రం ఆయన తప్పే, రోజూ అంటూనే ఉన్నా.

ఇప్పుడు డాక్టరమ్మ ఆ మాత్రని రాత్రి పడుకునే ముందుకి మార్చింది. లేచేముందు మంచం అంచున కూర్చుని పాదాలు ఆడించమంది. నాయన ఆడిస్తూ "మోటారు ఆన్ చేస్తున్నా" అని ఇల్లంతా వినపడేలా చెప్తున్నాడు.

అమ్మాయ్, నువ్వు బ్యాగు లాగినప్పుడు నీ స్టీలు టిఫిన్ డబ్బా పక్కకి దొర్లింది, కంగారులో మా సామానుతో ఇంటికొచ్చేసింది. మూత మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో పువ్వు వేసి ఉంది. ఆ రోజు పస్తున్నావేమో తల్లీ. కడిగి పెట్టాను, ఇది చూస్తే ఒక మెసేజ్ పెట్టు, ఖాళీ డబ్బా ఇవ్వకూడదని నాయన ఇప్పటికే అరిసెల గురించి మాట్లాడుతున్నాడు.