విచారణ గురువుకు తీరిక ఎక్కడిది?

సంపాదకులకు,

అయ్యా,

“ఫాదర్ గారు ఎప్పుడు వెళ్లినా దొరకరు” అన్న ఫిర్యాదు మా పల్నాడు ప్రాంతపు కతోలిక సంఘాల్లో తరచుగా వినిపిస్తుంది. విచారణ గురువు, అంటే పారిష్ ఫాదర్, ఉదయం పూజ (మాస్) ముగించాక సాయంత్రం వరకు ఖాళీగా ఉంటారని నమ్మేవారు సంఘంలో తక్కువేమీ లేరు. ఆయన ఎందుకు దొరకరో విచారణ పెద్దల్లో ఒకడిగా దగ్గర నుంచి చూస్తున్నాను కనుక ఈ లేఖ రాస్తున్నాను.

ఒక విచారణ కింద కేంద్ర గ్రామమే కాక చుట్టుపక్కల ఊళ్లు కూడా ఉంటాయి. ప్రతి ఊళ్లోనూ గుడి ఉంది, ప్రతి గుడికీ ఆదివారం పూజ కావాలి. గురువు రోజుకు ఒక్క పూజే అర్పించాలన్నది సాధారణ నియమం కాగా, గురువుల కొరత ఉన్నచోట పీఠాధిపతి (బిషప్) అనుమతితో మామూలు రోజుల్లో రెండు, అవసరాన్ని బట్టి ఆదివారాల్లోనూ విధిగా పాటించే పండుగల్లోనూ మూడు వరకు అర్పించవచ్చునని 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలోని 905వ నియమం వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటే మా దగ్గర వారం వారం జరిగే ఆనవాయితీగా మారింది. ఒక ఊళ్లో పాపసంకీర్తనాలు (భక్తులు తమ పాపాలు ఒప్పుకోవడం) విని, పూజ ముగించి, మంచం పట్టినవారికి సత్ప్రసాదం (పూజలో ప్రతిష్ఠించిన అప్పం) ఇచ్చి బండెక్కేలోపు, కొత్తగా కొన్న ఆటో మీద తీర్థం చల్లి వెళ్లమని ఎవరో ఒకరు ఆపుతారు.

పెళ్లిళ్ల సంగతి మరీ విడ్డూరం. తపస్సుకాలం (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలు) ముగిసి ఈస్టర్ దాటగానే వేసవి పెళ్లిళ్లు మొదలవుతాయి. ఫంక్షన్ హాలు మాట్లాడుకుని, శుభలేఖలు అచ్చు వేయించిన తరువాతే చాలామందికి ఫాదర్ గుర్తుకు వస్తారు. ఇరువైపుల జ్ఞానస్నాన పత్రాలు తెప్పించడం, గుడిలో ప్రకటనలు చదవడం, వధూవరులను కూర్చోబెట్టి మాట్లాడడం అన్నీ ఆ తొందరలోనే జరగాలి. తీరా ఆ రోజున పది గంటల పూజకు పన్నెండు దాటాక ఊరేగింపు వస్తుంది. మే నెల ఎండలో నిండుగా పూజా వస్త్రాలు వేసుకుని గురువు గుమ్మంలో ఎదురుచూస్తుంటే, పక్క ఊళ్లో భూస్థాపనకు సిద్ధం చేసిన పార్థివ దేహం దగ్గర ఇంకో కుటుంబం ఆయన కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇక ఆఫీసు పని వేరు. పాఠశాలకు కరస్పాండెంటు ఆయనే, ప్రహరీగోడ తగాదాకు హాజరు కావలసినదీ ఆయనే. ఆధార్‌లోని పేరుకూ జ్ఞానస్నాన పత్రంలోని పేరుకూ పొంతన కుదరలేదని వచ్చేవారి కోసం, మిషనరీలు లాటిన్‌లో రాసిపెట్టిన పాత రిజిస్టర్లు తిరగేయవలసినదీ ఆయనే. సంతకం, ముద్ర ఆయనవే కావాలి గాని, వెతికి పెట్టడానికి ఒక గుమాస్తా చాలడా?

ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండి తీరాలని అదే చట్టం 537వ నియమంలో ఆదేశించింది. పేరుకు మండలి ఉన్నా, సభ్యులు ఏడాది చివర కాగితాల మీద సంతకాలు చేసి సరిపెట్టుకుంటే లెక్కల భారం మళ్లీ గురువు మీదే పడుతుంది. తర్ఫీదు పొంది నియమితులైన గృహస్థులు, అంటే గురువులు కాని సామాన్య విశ్వాసులు, రోగులకు సత్ప్రసాదం అందించడానికీ చట్టంలో వీలుంది. పూజ అర్పించడం, పాపసంకీర్తనం వినడం, అవస్థలో ఉన్నవారికి అభ్యంగనం (పవిత్ర తైలం పూసే సంస్కారం) ఇవ్వడం మాత్రం గురువు తప్ప మరొకరు చేయలేరు. అర్ధరాత్రి ఫోను వచ్చినా ఆయన లేచి వెళ్లేది అందుకే.

విచారణ గురువుల పాలక పునీతుడైన జాన్ మరియ వియాన్నీ గారు కూడా పని ఒత్తిడి తాళలేక, ఏకాంతం కోరి ఫ్రాన్స్‌లో తాను గురువుగా ఉన్న ఆర్స్ గ్రామం విడిచి వెళ్లిపోవాలని ఒకటికి రెండుసార్లు ప్రయత్నించారు. ఆయన పండుగైన ఆగస్టు 4న మనం మన గురువుకు శాలువా కప్పుతాము. ఆ సన్మానంలోని ఉపన్యాసాలకే ఆయన సాయంత్రం కాస్తా హరించుకుపోతుంది.

కాబట్టి మేత్రాసన (డయోసిస్) అధికారులు ప్రతి విచారణకూ జీతం మీద ఒక గుమాస్తాను నియమించాలనీ, ఊళ్లలో ప్రార్థనలు నడిపే ఉపదేశులకు బతకగలిగినంత వేతనం ఇవ్వాలనీ కోరుతున్నాను. ఫాదర్‌తో మాట్లాడకుండా పెళ్లి తేదీ ఖాయం చేయరాదనీ, చెప్పిన వేళకు గంట దాటితే పూజ లేకుండా వివాహ సంస్కారం మాత్రమే జరుగుతుందనీ వచ్చే వేసవికి ముందే విచారణ మండళ్లు గుడిలో ప్రకటించాలి.

ఇట్లు,
ఒక విచారణ పెద్ద,
పల్నాడు జిల్లా