బిల్లు బీరుకా, నురగకా?

సంపాదకులకు నమస్కారం.

నేను హైదరాబాద్‌లో కూలర్లు, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్‌ని. ఎండలు ముదిరాయంటే చాలు, డ్రాఫ్ట్ బీరు (పీపా నుంచి ట్యాప్‌తో గ్లాసులోకి పట్టే బీరు) అమ్మే బార్ల నుంచి ఒకటే ఫోను: "అన్నా, ట్యాప్ తిప్పితే అంతా నురగే వస్తోంది." వెళ్లి చూస్తే చాలాచోట్ల ఒకటే పని చేసి ఉంటారు. నురగ వస్తోంది కదా అని, పీపాలోని బీరును ట్యాప్‌కి నెట్టే గ్యాస్ ప్రెషర్ తగ్గించేసి ఉంటారు.

మొన్న మే నెలలో ఒక బార్‌కి వెళ్లాను. గ్యాస్ రెగ్యులేటర్ ముల్లు 6 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దగ్గరుంది. గ్లాసులోకి పట్టిన బీరులో థర్మామీటర్ పెడితే 9 డిగ్రీలు చూపించింది. ట్యాప్‌కి వెళ్లే పైపులో బీరు మధ్యమధ్య తెగిపోయి, ఆ సందుల్లో గ్యాస్ బుడగలు కదులుతున్నాయి. కౌంటర్ కుర్రాడు గ్లాసు పట్టడం, నురగ పారబోయడం, మళ్లీ పట్టడం. చివరికి విసుగొచ్చి నాలుగు వేళ్ల నురగతోనే టేబుల్‌కి పంపించాడు. బిల్లు మాత్రం నిండు గ్లాసుకే.

ప్రెషర్ తగ్గిస్తే నురగ తగ్గుతుందనుకుంటారు గానీ జరిగేది ఉల్టా. లాగర్ అనే మామూలు రకం బీరైతే లీటరుకు సుమారు రెండున్నర లీటర్ల గ్యాస్ కరిగి ఉంటుంది. 3, 4 డిగ్రీల చల్లదనంలో దాన్ని లోపలే ఆపడానికి 12 పీఎస్‌ఐ చాలు. కారు టైరులో కొట్టించే గాలిలో సగం కూడా కాదు. అదే బీరు 9 డిగ్రీలకు చేరితే 17 దాకా కావాలి. అక్కడ 6 పెడితే గ్యాస్ దారిలోనే విడిపోతుంది. ఎండలో ఉంచిన గోలీసోడా కొట్టి చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

పోనీ 17 పెడదామంటే, బీరు దూసుకొచ్చి గ్లాసుకి కొట్టుకుని మళ్లీ నురగే. సన్న పైపు అడుగుకి రెండు మూడు పీఎస్‌ఐ మింగేస్తుంది. అందుకే కెగ్ (బీరు పీపా) నుంచి ట్యాప్‌కి ఐదారడుగుల పైపు చుట్టి పెడతారు. చూడ్డానికి బాగోలేదని దాన్ని కత్తిరించేసిన మహానుభావులూ తగిలారు నాకు.

ఇంకో చిన్న సంగతి. పట్టికల్లో ఉండే ఈ అంకెలు సముద్రమట్టానికి వేసినవి. విశాఖలో అలాగే వాడుకోవచ్చు. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ ఒక పీఎస్‌ఐ కలుపుకోవాలి.

ఆ బార్‌లో నేను ముందు రెగ్యులేటర్ జోలికే పోలేదు. కూలర్ కాయిల్‌కి అట్టకట్టిన దుమ్ము దులిపి, కెగ్‌ని రాత్రంతా కదపకుండా చల్లబడనిచ్చి, మర్నాడు 13 పెట్టాను. గ్లాసులో రెండు వేళ్ల నురగ నిలిచింది. వేడిగా వచ్చిన 50 లీటర్ల కెగ్ లోపలి దాకా చల్లబడాలంటే దాదాపు ఒక రోజు పడుతుంది. లారీ దిగిన గంటకే ట్యాప్ తగిలిస్తే ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు.

తాగేవాళ్ల కష్టాలు పేపర్లో ఎందుకని కొందరు అనొచ్చు. డబ్బు తీసుకుని తక్కువ పోస్తే పాలైనా, బీరైనా మోసమే. పెట్రోల్ బంకులో అనుమానమొస్తే ఐదు లీటర్ల డబ్బాతో కొలిచి చూపించమని అడుగుతాం కదా! జర్మనీలో బీరు గ్లాసు మీదే కొలత గీత ఉంటుంది. బీరు గీత దాకా, నురగ ఆ పైన. నేను పనికి వెళ్లిన బార్లలో అలాంటి గ్లాసు ఇంతవరకు నా కంటపడలేదు.

తూనికలు కొలతల శాఖ, ఆబ్కారీ శాఖ కలిసి డ్రాఫ్ట్ బీరు అమ్మే ప్రతిచోటా గీత గ్లాసు తప్పనిసరి చేయాలి. ఆ గీత వస్తే నురగ నష్టం యజమాని జేబుకే తగులుతుంది. అప్పుడు మే దాకా ఆగకుండా ఫిబ్రవరిలోనే నన్ను సర్వీసుకి పిలుస్తారు.

ఇట్లు,
ఒక కూలర్ మెకానిక్,
హైదరాబాద్