నిన్న రాత్రి వాదన గురించి

సభ్యులందరికీ నమస్కారం.

ఆరోగ్య బీమా బిల్లుపై మొదలైన నిన్నటి చర్చ "మీ పార్టీ వాళ్లంతా ఇంతే" అనేదాకా వెళ్లి, ఇద్దరు పెద్దలు గ్రూప్ విడిచిపోవడంతో ఆగింది కనుక, అడ్మిన్‌గా కాక తోటి సభ్యుడిగా ఒక ప్రయోగం గురించి చెప్పదలచుకున్నాను.

మనస్తత్వవేత్త జెఫ్రీ కోహెన్ 2003లో ప్రచురించిన పరిశోధనలో, ఇక్కడి అమెరికన్ కాలేజీ విద్యార్థులకు పేదల సంక్షేమ పథకాల వివరాలు ఇచ్చారు. వాటిలో ఒకటి ధారాళంగా సాయం చేసేది, మరొకటి పిసినారిది. పార్టీల ఊసు లేనప్పుడు ఉదారవాదులు మొదటిదాన్ని, సంప్రదాయవాదులు రెండోదాన్ని మెచ్చుకున్నారు. అదే కాగితంలో ఫలానా పథకానికి తమ పార్టీ మద్దతు ఉందని కనబడగానే, మామూలుగా అయితే ససేమిరా అనదగ్గ పథకాన్ని సైతం ఇరుపక్షాలవారూ సమర్థించారు. అంతకన్నా ఆశ్చర్యం ఏమిటంటే, తాము వివరాలు చూసే నిర్ణయించుకున్నామనీ, పార్టీ మాటకు తలూపేది ఇతరులేననీ వారు నిజాయితీగానే నమ్మారు. నిన్నటి నా మెసేజ్‌లు మళ్లీ చదువుకుంటే నేనూ అదే పని చేసినట్టు కనబడింది.

తమ బిడ్డ అవతలి పార్టీవారిని పెళ్లాడితే బాధపడతామన్న అమెరికన్లు 1960 సర్వేలో రిపబ్లికన్లలో 5 శాతం, డెమొక్రాట్లలో 4 శాతం ఉండగా, 2010 నాటికి ఆ సంఖ్యలు 49, 33 అయ్యాయి. (గోత్రం తరువాత పార్టీ అడగాలన్నమాట!)

వెళ్లిపోయిన ఇద్దరికీ ఈ ఉదయం ఫోన్ చేశాను. ఒకరు తిరిగి చేరారు. ఇకపై బిల్లుల గురించి రాసేవారు, ముందు పార్టీ పేరు లేకుండా అందులోని అంశాలు పెట్టి, అభిప్రాయాలు వచ్చాక ఆ పేరు చెప్పవలసిందిగా కోరుతున్నాను.