అంబులెన్స్‌కి ఎవరు ఫోన్ చేయాలి? న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మూడు నెలల కిందట ఓ పెద్దాయన మెట్లు ఎక్కుతూ నా కళ్ల ముందే కుప్పకూలిపోయారు. కళ్లజోడు రెండు మెట్లు కిందికి జారిపడింది. నిమిషంలో ఇరవై మంది మూగారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. ఇంతలో ఓ అమ్మాయి జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చొక్కా గుండీలు వదులు చేస్తూ తలెత్తి, "అంబులెన్స్‌కి ఎవరు ఫోన్ చేశారు?" అని అడిగింది. ఎవరూ చేయలేదు. ఎవరో ఒకరు చేసే ఉంటారులే అని అందరం అనుకున్నాం.

ఆయన బతికారు. ఆస్పత్రిలో మాత్రం ఆ అమ్మాయిని పేరు, అడ్రసు, "మీరు ఆయనకి ఏమవుతారు?" అంటూ గంటన్నర కూర్చోబెట్టారు. "అనవసరంగా ఇరుక్కున్నానా అన్నా?" అని ఆమె టెన్షన్‌గా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

1968లో డార్లీ, లటానే అనే మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగం చేశారు. పక్క గదిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు హెడ్‌ఫోన్లలో వినిపించారు. వింటున్నది తామొక్కరమే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మూర్ఛ ఆగేలోపే సాయం కోసం లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నప్పుడు లేచింది 31 శాతమే. లేవనివాళ్లు రాతి గుండెలవాళ్లేం కాదు, చాలామందికి చేతులు వణికాయి. మంచితనం లేక కాదు, ఆ పని తనదేనని ఎవరూ చెప్పకపోవడం వల్ల ఆగిపోయారు. అలా చెప్పగలిగేది చట్టమే.

ధైర్యం చేయమని చట్టం ఎలా బలవంతం చేస్తుందని మీరు అడగొచ్చు. ధైర్యం ఎవరూ అడగడం లేదండీ. జర్మనీ శిక్షాస్మృతిలోని 323సి సెక్షన్, ఫ్రాన్సులోని 223-6 ఆర్టికల్ సాయం చేయకపోవడాన్ని నేరమంటాయి. అయితే చేసేవాళ్ల ప్రాణానికి ముప్పు లేనప్పుడే. సముద్రం మీదా అంతే. ఆపదలో ఉన్నవాళ్లను, తన ఓడకు పెద్ద ప్రమాదం లేనంత వరకు, కెప్టెన్ ఆదుకోవాల్సిందేనని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం చెబుతోంది. ఇంగ్లండులో మాత్రం మోకాలి లోతు నీళ్లలో పరాయి బిడ్డ మునుగుతుంటే చూస్తూ నిలబడ్డా నేరం కాదు. ఇది నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడదు.

సినిమాల ప్రభావం కూడా తక్కువేం కాదు. తెర మీద హీరో గేట్లు బద్దలుకొట్టి, పై అధికారి మాట కాదని దూకుతాడు. రూల్ అంటే అడ్డంకి, కాపాడటం అంటే దాన్ని తెంచుకుని వెళ్లడం అని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. కానీ నీళ్లలో మునిగేవాళ్లను కాపాడే శిక్షణలో మొదట చెప్పేది దూకొద్దనే. ముందు కర్ర అందించు, తాడు విసురు, మనుషుల్ని పిలువు అంటారు. ఆవేశంతో దూకి తామూ మునిగిపోయినవాళ్లు ఎందరో. అక్కడ ప్రాణం నిలబెట్టేది రూలే. తాడు విసరడం, ఫోన్ చేయడం మామూలు మనుషులం ఎవరమైనా చేయగలం.

అందుకే అడుగుతున్నాను. కళ్ల ముందు ప్రాణం పోతుంటే కనీసం ఫోన్ చేయడం ప్రతి ఒక్కరి బాధ్యత అని చట్టంలో రాయండి. తప్పితే జైలు వద్దు, చిన్న జరిమానా చాలు. ఫ్రాన్సులోలా ఐదేళ్ల వరకు జైలు శిక్ష పెడితే జనం అసలు ఆ చుట్టుపక్కలే నిలబడరు. ఇంతకంటే ముందు మరో పని చేయండి. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదని, పేరు చెప్పాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టమని స్పష్టంగా రాయించి, ప్రతి ఆస్పత్రి రిసెప్షన్‌లో అందరికీ కనిపించేలా పెట్టించండి.

ఇట్లు,
ఆ రోజు మెట్ల దగ్గర నిలబడి చూసినవాళ్లలో ఒకడు