మిర్చి యార్డు చొక్కాలకు మీ మిషన్ పోసే నీళ్ళు చాలడం లేదు

గుంటూరు,
21 ఏప్రిల్ 2025.

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: 7.5 కిలోల టాప్ లోడ్ ఫుల్లీ ఆటోమేటిక్ వాషింగ్ మిషన్‌లో నీటి మట్టం మార్చుకునే వీలు లేకపోవడం, నాలుగుసార్లు టెక్నీషియన్లు వచ్చి వెళ్ళినా సమస్య తీరకపోవడం గురించి.

అయ్యా,

2024 నవంబర్ 9న గుంటూరులోనే ఒక షోరూంలో మీ మిషన్ కొన్నాం. బిల్లు 24,500 రూపాయలు. ఆ బిల్లు, వారంటీ కార్డు, మీ టెక్నీషియన్లు రాసిచ్చిన నాలుగు సర్వీసు చీటీల జిరాక్సులు దీనికి జతచేశాను. ఫోన్లో మీవాళ్ళకి ఈ సంగతంతా ఆరుసార్లు చెప్పాను. ఫోన్ చేసిన ప్రతిసారీ ఎవరో కొత్తవాళ్ళు ఎత్తడం, నేను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవడం. అందుకని ఈసారి కాగితం మీద పెడుతున్నాను. ఉత్తరం కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మావారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. జనవరి చివర్లో సరుకు రావడం మొదలైతే ఎండలు ముదిరేదాకా పొద్దస్తమానం ఆ మిర్చి టిక్కీల (బస్తాల) మధ్యే ఉంటారు. ఆ రోజుల్లో ఆయన వచ్చారని తెలియడానికి కాలింగ్ బెల్ మోగక్కర్లేదు, ఆయన మెట్లెక్కుతుండగానే లోపల మాకు తుమ్ములు మొదలవుతాయి. చొక్కా జేబులో, కాలరు మడతలో, భుజం మీది తువ్వాలులో, లుంగీ అంచులో, ఎక్కడ దులిపినా ఎర్రటి దుమ్మే. అది ఘాటెక్కువైన తేజ రకం మిర్చి అయితే ఇక చెప్పనే అక్కర్లేదు.

ఇదివరకు మా ఇంట్లో సెమీ ఆటోమేటిక్ మిషన్ ఉండేది. పదకొండేళ్ళు పనిచేసింది. కుళాయి తిప్పి ఎన్ని నీళ్ళు కావాలో కంటితో చూసి పట్టుకునేవాళ్ళం. యార్డు బట్టలకైతే మా అత్తయ్య టబ్బు అంచుదాకా నింపేవారు. అది మూలపడ్డాక షోరూంకి వెళితే అక్కడి అబ్బాయి మీ మిషన్ చూపించి, "మేడమ్, బట్టలు వేసి బటన్ నొక్కితే చాలు, నీళ్ళెన్ని కావాలో అదే చూసుకుంటుంది" అన్నాడు. ఆ మాట మీదే, అనుకున్నదానికన్నా ఆరు వేలు ఎక్కువ పెట్టి కొన్నాం.

నవంబర్, డిసెంబర్ నెలల్లో ఏ ఇబ్బందీ తెలియలేదు. ఫిబ్రవరి మొదటి వారంలో మా పాప స్కూల్ నుంచి వచ్చి మెడ మండుతోందని ఏడ్చింది. చూస్తే కాలరు ఆనే చోటల్లా కందిపోయి ఉంది. ముందు చెమటకాయలేమో అనుకున్నాను. రెండు రోజుల తర్వాత దిండు గలీబు మీద పడుకుంటే నా చెంపా మండింది. అప్పుడు వెలిగింది, వీటన్నిటినీ మావారి చొక్కాలతో కలిపి ఉతికాం.

కలిపి ఉతకడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. మర్నాటి నుంచి యార్డు బట్టలు విడిగా వేశాను. అసలు గొడవ అక్కడే మొదలైంది. మూడు చొక్కాలు, ఒక లుంగీ, రెండు తువ్వాళ్ళు కలిపి కిలోన్నర కూడా తూగవు. మీ మిషన్ నీళ్ళు పట్టే ముందు బట్టల్ని పొడిగా అటూ ఇటూ నాలుగు తిప్పులు తిప్పి, మోటారు మీద ఎంత భారం పడుతోందో చూసి, దాన్నిబట్టి నీటి మట్టం నిర్ణయించుకుంటుంది. బరువు తక్కువైతే నీళ్ళూ తక్కువ. అంటే విడిగా వేసేసరికి, ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ జాడించాల్సిన బట్టలకి అన్నిటికన్నా తక్కువ నీళ్ళు పోస్తోంది. ప్యానెల్ మీద పది గీతలుంటే వీటికి వెలిగేది రెండు. మామూలు మురికికి అవి సరిపోతాయేమో, నేను కాదనను. కారం సంగతి వేరు. దానికి ఘాటునిచ్చే క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది కానీ నీళ్ళలో దాదాపు కరగదు. సబ్బే దాన్ని బట్ట నుంచి విడదీసి పట్టుకుంటుంది. ఆ సబ్బు నురగ పూర్తిగా పోయేదాకా జాడించకపోతే కారం మళ్ళీ బట్టకే చేరుతుంది. రెండు గీతల నీళ్ళతో రెండు జాడింపులు అయ్యాక మావారి తువ్వాలు పిండితే ఇంకా తెల్లటి నురగ వస్తోంది.

ఇక మీ టెక్నీషియన్ల సంగతి. ఫిబ్రవరి 11న వచ్చినతను మా పై ట్యాంకు నుంచి నీళ్ళ ప్రెషర్ చాలడం లేదని రాసి వెళ్ళాడు. మా కుళాయికీ ట్యాంకుకీ మధ్య ఎంత లేదన్నా ఏడు మీటర్ల ఎత్తుంది. పది మీటర్ల నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి చొప్పున లెక్కేస్తే అది 0.7 బార్. మీరిచ్చిన పుస్తకంలో 0.3 చాలని ఉంది. పోనీ ప్రెషర్ తక్కువే అనుకుందాం. అప్పుడు నిండడానికి టైం ఎక్కువ పడుతుంది కానీ మట్టం ఎందుకు తగ్గుతుంది? బిందె సన్నటి ధార కింద పెట్టినా నిండేది అంచుదాకానే కదా.

రెండోసారి, ఫిబ్రవరి 25న వచ్చినతను బట్టలు ఎక్కువ వేస్తున్నామన్నాడు. మూత తీసి చూపించాను. మూడు చొక్కాలు. మాట్లాడకుండా చీటీ మీద సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

మూడో అతను మార్చి 12న వచ్చి, ఇదంతా బోరు నీళ్ళ ఉప్పు వల్లేనని టబ్బు శుభ్రం చేసే పొడి 450 రూపాయలకి అమ్మాడు. అతను చెప్పిందాంట్లో సగం నిజముంది. మా అపార్ట్‌మెంట్లో మున్సిపాలిటీ కృష్ణా నీళ్ళూ బోరు నీళ్ళూ ఒకే సంపులో కలుస్తాయి, గార కడుతుంది. ఆ గార వల్ల మట్టం కొలవడంలో తేడా రావచ్చు కూడా. ఇక్కడ కొంచెం పాఠంలా రాస్తున్నాను, ఏమనుకోకండి. నేను ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకి ఫిజిక్స్ చెబుతాను. ఇంట్లో ఒక వస్తువు చెడిపోతే అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా ఉండలేని జబ్బు నాది.

టబ్బు అడుగున పక్కగా ఒక చిన్న గాలి గది, దాన్నుంచి పైకి సన్నటి ట్యూబు, ట్యూబు చివర సెన్సార్. నీళ్ళు పెరిగేకొద్దీ ఆ గదిలో చిక్కుకున్న గాలి నొక్కుకుపోతుంది. ఆ ఒత్తిడి ఎంతుందో సెన్సార్, మిషన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డుకి చెబుతుంది, నిర్ణయించిన మట్టం రాగానే బోర్డు నీళ్ళ వాల్వు మూసేస్తుంది. 30 సెంటీమీటర్ల నీటికి వచ్చే ఒత్తిడి 0.03 బార్ కూడా ఉండదు. అంత చిన్న ఒత్తిడిని కొలిచేదానికి ట్యూబులో సూది బెజ్జమంత కన్నం పడినా లెక్క తప్పుతుంది. కానీ ఎటు తప్పుతుంది? గాలి కారిపోతే ఒత్తిడి పడిపోతుంది, ఉన్న నీళ్ళు తక్కువగా కనిపిస్తాయి, మిషన్ ఇంకా ఇంకా పడుతూనే ఉంటుంది. మాది దానికి ఎదురు బాధ. గాలి గదిలో సబ్బు జిగురు పేరుకుని ఒత్తిడి లోపలే ఉండిపోతే మాత్రం, నీళ్ళు పోయాక కూడా ఉన్నట్టే అనుకుని తక్కువ పట్టే వీలుంది. ఆ గది విప్పి కడగమని మూడో అతన్ని అడిగాను. పొడి వేస్తే పోతుందన్నాడు. పోలేదు.

ఏప్రిల్ 3న వచ్చిన నాలుగో అతను పని తెలిసినవాడు. గాలి గది విప్పి కడిగాడు, ట్యూబు ఊది చూశాడు, సెన్సార్ మార్చాడు. డబ్బులు తీసుకోలేదు. మళ్ళీ అవే బట్టలు వేస్తే మళ్ళీ రెండు గీతలే. అప్పుడు అతనే నిజం చెప్పాడు: "సెన్సార్‌లో ఏ తప్పూ లేదు మేడమ్, ప్రోగ్రామే అంత. లెవెల్ బటన్ పై మోడల్‌లో ఇస్తారు." దయచేసి ఈ మాట పట్టుకుని అతన్ని ఏమీ అనకండి. మీ కంపెనీ తరఫున నాతో సూటిగా మాట్లాడింది అతనొక్కడే.

అతను చెప్పింది సరేనా అని ఆ ఆదివారం నేనే పరీక్షించి చూశాను. మావారు కొట్టు నుంచి తెచ్చిన కాటాతో తూచి సరిగ్గా మూడు కిలోల పొడి బట్టలు వేశాను. మూడు గీతలు వెలిగాయి. నీళ్ళు ఆగాక కుట్టు టేపుతో డ్రమ్ము అంచు నుంచి నీటి దాకా కొలిస్తే 34 సెంటీమీటర్లు. అవే బట్టలు తీసి, తడిపి, నీళ్ళు కారుతుండగా మళ్ళీ మొదటి నుంచి వేశాను. ఈసారి ఆరు గీతలు, అంచు నుంచి 22 సెంటీమీటర్లు. బట్టలూ అవే, మురికీ అదే, మట్టంలో మాత్రం 12 సెంటీమీటర్ల తేడా. మా బకెట్టు పదిహేను లీటర్లది, దాంతో పోసి చూస్తే ఆ తేడా ఒకటిన్నర బకెట్ల పైనే. కాబట్టి మిషన్ ఎక్కువ నీళ్ళు పట్టలేక కాదు, పట్టకూడదని మీరు రాసిపెట్టారు గనక పట్టడం లేదు.

పైనుంచి బకెట్టుతో పోసుకోవచ్చు కదా అని మీవాళ్ళే ఒకరు ఫోన్లో సలహా ఇచ్చారు. అదీ చేశాను. నీళ్ళు పట్టేటప్పుడు నేనొక బకెట్టు పోస్తే అది ఒక బకెట్టు తక్కువ పట్టింది! అంతే మరి, దానికి కావాల్సింది మట్టం, ఎవరు పోశారో దానికెందుకు? పట్టడం అయిపోయాక పోస్తే ఆ విడతకి పనిచేస్తుంది. తర్వాత ఆ నీళ్ళు వదిలేసి జాడింపుకి మళ్ళీ మొదలు. ఉతుకుకి ఒకసారి, జాడింపులకి రెండుసార్లు నేను బకెట్టు పట్టుకుని కాపలా ఉంటే దాన్ని ఫుల్లీ ఆటోమేటిక్ అని ఎలా అంటారు? మా అత్తయ్య రోజూ చూస్తూ, "ఆ పాతదాన్ని బాగుచేయించినా అయిపోయేదమ్మా" అంటున్నారు. ఆవిడకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

ముందే తడిపి వేయవచ్చుగా అని కూడా మీరు అనవచ్చు. ప్రస్తుతం చేస్తున్నది అదే. కానీ యార్డు బట్టలు చేత్తో తడిపితే రాత్రి దాకా వేళ్ళు మండుతాయి. మరిచిపోయి కళ్ళు నలుపుకున్నానా, ఇక ఆ పూట పరీక్ష పేపర్లు దిద్దే పని లేదు. అసలు మేము మిషన్ కొన్నదే ఆ బట్టలు చేత్తో ముట్టుకోకూడదని.

మార్చి 28న మీ ఆఫీసు నుంచి వచ్చిన ఈమెయిల్‌లో తక్కువ నీళ్ళు వాడటం పర్యావరణానికి మంచిదని రాశారు. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్ళో ఉంటున్నాం, నీళ్ళ విలువ మాకు మీరు చెప్పనక్కర్లేదు. లెక్క చూడండి. మూడు గీతల మట్టానికి సుమారు 35 లీటర్లు, ఆరు గీతలకి సుమారు 58. ఒక ఉతుకు, రెండు జాడింపులు, అంటే మూడుసార్లు నింపడం. ఆరు గీతలతో ఒక్కసారి ఉతికితే 174 లీటర్లలో అయిపోతుంది. మూడు గీతలతో నురగ వదలక ప్రోగ్రామ్ అంతా రెండోసారి నడిపితే 210. నీళ్ళు ఎక్కువ, కరెంటు రెట్టింపు, ఇంకో 50 నిమిషాలు. ఇందులో ఆదా ఏముందో మీరే చెప్పాలి.

అన్నిటికన్నా నాకు కష్టం కలిగించింది వేరే ఉంది. మీరిచ్చిన పుస్తకం 17వ పేజీలో 'వాటర్ లెవెల్' బటన్ బొమ్మ ఉంది. దాన్ని నొక్కి మట్టం పెంచుకోవచ్చని వివరంగా రాశారు. మిషన్ వచ్చిన అట్టపెట్టె మీద కూడా 'అవసరాన్ని బట్టి నీటి మట్టం మార్చుకోవచ్చు' అని ఉంది. ఆ పెట్టె అటక మీద ఇంకా భద్రంగానే ఉంది, ఫొటో జతచేశాను. మా మిషన్ మీద ఆ బటన్ లేదు. పుస్తకం చివరి పేజీలో 'మోడల్‌ను బట్టి సదుపాయాలు మారవచ్చు' అని చీమ తలకాయంత అక్షరాలతో ఒక వాక్యం ఉంది. కొనేటప్పుడు దాన్ని మాకెవరూ చూపించలేదు.

అందుకని నేను అడిగేది ఇదీ. ఈ మిషన్ బోర్డులో ప్రోగ్రామ్ మార్చి మట్టం పెంచుకునే వీలు కల్పించండి, అది కుదరకపోతే బటన్ ఉన్న మోడల్ ఇచ్చి దీన్ని తీసుకెళ్ళండి. ధరలో న్యాయమైన తేడా ఉంటే కడతాను, అదేమీ ఊరికే అడగడం లేదు. పొడికి తీసుకున్న 450 రూపాయలు మాత్రం వెనక్కి ఇవ్వాలి. అవసరం లేని వస్తువు అంటగట్టి తీసుకున్న డబ్బు అది.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను. తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద గుంటూరులోని జిల్లా కమిషన్‌కి వెళతాను. 5 లక్షల లోపు వస్తువుకి అక్కడ ఫీజు లేదని, రెండేళ్ళ గడువుందని తెలుసుకున్నాను. కోర్టుల చుట్టూ తిరగాలని నాకేమీ సరదా లేదు, సెలవుల్లో పాపని తీసుకుని మా అమ్మగారింటికి వెళ్ళాలనుంది.

మనిషిని పంపేటట్టయితే నాలుగోసారి వచ్చినతన్నే పంపండి, సాయంత్రం ఏడు దాటాక రమ్మనండి. మావారి ఆ రోజు చొక్కా అప్పటికి ఇంటికి వచ్చి ఉంటుంది.

ఇట్లు,
మీ వినియోగదారు,
బ్రాడీపేట, గుంటూరు.

జతపరిచినవి: బిల్లు, వారంటీ కార్డు, నాలుగు సర్వీసు చీటీలు, పొడి కొన్న రసీదు, మార్చి 28 ఈమెయిల్ ప్రింటు, పుస్తకం 17వ పేజీ, అట్టపెట్టె ఫొటో.