సంక్రాంతి వారంలో మృదంగానికి కుడి మూత వేయించుకున్నవారికి

ఆరు రోజులు కొట్టు మూసేశాను, ఫోన్ కూడా ఎత్తలేదు. శుక్రవారం ఇస్తానన్న మృదంగాలు మంగళవారానికి కూడా కాలేదు. తిట్టినవాళ్లు తిట్టారు, న్యాయమే. కానీ ఇప్పుడు చెప్పబోయేది ఆలస్యం గురించి కాదు.

నేను మృదంగాలు బాగుచేయడమే కాదు, వాయిస్తాను కూడా అని మీకు తెలుసు. మా రాజమండ్రి గాయని ఒకావిడకి ఈసారి తిరువయ్యారు ఆరాధనలో పాడే అవకాశం వచ్చి, పక్కన వాయించమన్నారు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమికి ఏటా జరిగే ఉత్సవం అది. ఒక్కొక్కరికీ దొరికేది కొద్ది నిమిషాలే. అందుకోసం రెండు రైళ్లు, తంజావూరు నుంచి బస్సు. అయినా ఎవరు కాదంటారు?

ఆవిడది ఐదున్నర శ్రుతి, అంటే ఎత్తు గొంతు; దానికి చిన్న మృదంగమే కావాలి. నా చిన్న మృదంగానికి కుడి మూత పాతబడిపోయింది, కొత్తది వేసుకోవాలి. సాదం, అదే కుడివైపు నల్లమచ్చ, ఎలా వేస్తామో కొట్లో కూర్చున్నవాళ్లంతా చూసే ఉంటారు. మెత్తగా ఉడికిన అన్నంలో నల్లరాతి పొడి కలిపి పూత మీద పూత వేస్తూ, ప్రతి పూతనీ నున్నటి రాయితో రుద్దాలి. ఒకటి ఆరాకే ఇంకోటి. ఆ వారమంతా గోదావరి మీంచి మంచు, తొమ్మిదైనా ఎండ పొడ లేదు. గుమ్మంలో ధనుర్మాసం భజనలవాళ్లు, పండగ కచేరీలవాళ్లు. టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆరబెట్టేశాను. పైన ఆరింది, లోపల తడి అలాగే ఉంది. నాకు తెలుసు. తెలిసే 'పర్లేదులే' అనుకున్నాను.

తిరువయ్యారు చిన్న ఊరే. కావేరి ఒడ్డున పందిరి, పక్కనే స్వామి సమాధి మందిరం. మా గాయని దిగగానే ముందు బెంగళూరు నాగరత్నమ్మగారి విగ్రహానికి దణ్ణం పెట్టుకుంది. ఒకప్పుడు ఆడవాళ్లని ఈ ఆరాధనలో పాడనిచ్చేవారు కాదు. ఆ మందిరం కట్టించిందీ, ఆడవాళ్ల కోసం పోరాడిందీ ఆవిడే. నేను మాత్రం మృదంగం ఎడమవైపు తోలుకి అంటించే రవ్వ ముద్ద కోసం ఊళ్లో తిరుగుతున్నాను. తెచ్చుకున్న పొట్లం రైల్లోనే పోయింది. చివరికి ఒక టిఫిన్ హోటలాయన నా సైగలు చూసి నవ్వి గుప్పెడు ఉప్మా రవ్వ ఇచ్చాడు, డబ్బులు పుచ్చుకోలేదు.

ఏటి ఒడ్డు చెమ్మకి శ్రుతి దిగింది. రాయితో కొట్టి ఎక్కించాను. పల్లవి బాగానే సాగింది. అనుపల్లవిలో నల్లమచ్చ మీద 'ది' అనే దెబ్బ కొట్టేసరికి సాదం ముక్క ఒకటి లేచి నా చేతి మీదే పడింది. అక్కణ్ణుంచి ప్రతి దెబ్బకీ గరగర. కుడిచెయ్యి తేలిక చేసి, ఎడమవైపు మీద నెట్టుకొచ్చాను. ఆవిడ ఒక్కసారి ఇటు చూసి పాట కొనసాగించింది. తిరుగు రైల్లో కూడా ఏమీ అనలేదు. అక్కడ పెసరపప్పుతో చేసే అశోకా హల్వా డబ్బా తీసి నా ముందు పెట్టింది, అంతే. నాలుగు మాటలు అనేసి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ఆ వారం అదే ఫ్యాన్ కింద ఆరిన మూతలు 11. వాటిలో రెండు పిల్లల అరంగేట్రాలకి వెళ్లాయి.

ఆ 11 మందికీ ఈ వారంలో నేనే ఫోన్ చేస్తాను. ఈలోగా సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా వేసి నల్లమచ్చ అంచు చూడండి. నెర్రెలున్నా, అంచు లేచినా, 'ది'లో గరగరమన్నా వాయించడం ఆపేయండి. దయచేసి ఫెవిక్విక్ పెట్టకండి, తోలు పాడవుతుంది. ఏమీ కనపడకపోయినా పంపండి. మూత కొత్తగా వేసిస్తాను, డబ్బులు తీసుకోను. బస్సు పార్సిల్ రానూపోనూ నాదే. అరంగేట్రం పిల్లలవి ముందు.

మిగతావారు కాస్త ఓపిక పట్టండి. శివరాత్రి వరకు కొత్త పని ఒప్పుకోవడం లేదు. ఇకమీదట మంచు రోజుల్లో కుడి మూతకి వారం అడుగుతాను. తొందరగా కావాలంటే వేరే చోట చేయించుకోండి, ఏమీ అనుకోను.

నా మృదంగం అలాగే గోడకి చేరేసి ఉంది. ఆ 11 అయ్యాక దాని సంగతి.